పులిపిరికాయకు సూది మందు

(స్వర్ణోత్సవ సభలో మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "చర్మం డాక్టరువి కదా, ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడు" అన్నారు. దేని మీద మాట్లాడాలన్నది నా ఇష్టానికే వదిలేశారు. షుగరు, బీపీ, గుండెపోటు గురించి మనందరికీ వాట్సాప్‌లో పొద్దున్నే ఉపన్యాసాలు అందుతున్నాయి. అందుకని నేను పులిపిరికాయల గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "స్వర్ణోత్సవానికి పులిపిరికాయలా?" అని తర్వాత నవ్వారు. సభ చూస్తే నవ్వేవాళ్ళతో పాటు చెయ్యి జేబులో పెట్టుకున్నవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కనబడుతున్నారు.

ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోరు కనుకనే ఇంటి వైద్యం, వాడకట్టు వైద్యం, మెడికల్ షాపు వైద్యం అన్నీ దీని మీద జరిగిపోతాయి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది పులిపిరికాయతో రారు, దాన్ని తీసెయ్యబోయి తెచ్చుకున్న పుండుతో వస్తారు. సున్నం, బట్టల సోడా కలిపి పెట్టినవాళ్ళు, జీడిగింజ రసం పూసినవాళ్ళు, జిల్లేడు పాలు రాసినవాళ్ళు, అగరుబత్తితో కాల్చుకున్నవాళ్ళు, గుర్రం వెంట్రుక బిగించి కట్టుకున్నవాళ్ళు. బ్లేడుతో కోసుకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. జీడి రసం పడక ముఖమంతా వాచి కళ్ళు మూసుకుపోయినవాళ్ళను చూశాను. షుగరు ఉన్న మనిషి అరికాలి మీద యాసిడ్ పోసుకుంటే అది పులిపిరికాయతో ఆగదు, వేలు తీసేసేదాకా పోవచ్చు.

మన చిన్నప్పుడు ఆకాశంలో చుక్కలు లెక్కపెడితే పులిపిర్లు వస్తాయని పెద్దవాళ్ళు బెదిరించేవారు. చుక్కలకు దీనితో సంబంధం లేదు. ఇది వైరస్ వల్ల వస్తుంది. 1907లో ఇటలీలో చ్యూఫో అనే డాక్టరు పులిపిరికాయను నూరి, సూక్ష్మక్రిములు కూడా దాటలేని వడపోత గుండా ఆ రసాన్ని పంపి, దాన్ని తన చేతికే ఎక్కించుకున్నాడు. కొన్నాళ్ళకు అక్కడ పులిపిర్లు లేచాయి. బ్యాక్టీరియా కంటే చిన్నదేదో దీనికి కారణమని అట్లా తేలింది. ఆ వైరస్‌కు ఇప్పుడున్న పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతుల మీద, కాళ్ళ మీద వచ్చేవి వేరే రకాలు, జననాంగాల దగ్గర వచ్చేవి వేరే రకాలు. ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 నంబర్ల రకాలు మరీ వేరు. ఆ క్యాన్సర్‌కు ఈ వైరస్ కారణమని చూపినందుకే జర్మనీకి చెందిన హారాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. చేతి మీద పులిపిరి ఉంటే క్యాన్సర్ వస్తుందేమోనని ఇక్కడ ఎవరైనా భయపడుతుంటే, ఆ భయం అక్కర లేదు. చుట్టాలే గానీ కాపురాలు వేరు.

ఈ వైరస్ తెలివి ఎక్కడుందంటే, అది రక్తంలోకి పోదు. చర్మం పై పొరల్లోనే ఉంటుంది. కణాలను పగలగొట్టదు, వాపు తేదు, జ్వరం తేదు. పై పొర కణాలు ఎట్లాగూ రాలిపోయేవే, వాటితో పాటే బయటికి పోయి ఇంకొకరికి అంటుకుంటుంది. మన శరీరంలో కాపలా కాసే రోగనిరోధక కణాలకు లోపల దొంగ ఉన్నాడన్న కబురే అందదు. అందుకే ఒక్కొక్కరికి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఏదో ఒకనాడు కబురు అందుతుంది. అందిన రెండు మూడు వారాల్లో, ముప్పై ఉన్నా నలభై ఉన్నా, అన్నీ ఒక్కసారే రాలిపోతాయి. పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి రెండేళ్ళలోపు వాటంతటవే పోతాయి. మంత్రగాళ్ళకు, తాయెత్తుల వాళ్ళకు పేరు తెచ్చిపెట్టింది ఈ లెక్కే. నిజం చెప్పాలంటే మా డాక్టర్లలో కూడా కొందరి హస్తవాసి ఈ లెక్క మీదే నడుస్తుంది.

కాబట్టి చిన్నపిల్లవాడి చేతి మీద రెండు పులిపిర్లుంటే నేను మొదట చెప్పేది ఆగమనే. ఆగలేకపోతే శాలిసిలిక్ యాసిడ్ మందు ఉంది. రాత్రి వేడి నీళ్ళలో నానబెట్టి, పైన మెత్తబడ్డ చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, చుట్టూ మంచి చర్మానికి వాసలిన్ రాసి, పులిపిరి మీద మాత్రమే చుక్క వేసుకోవాలి. ఇది మూడు నెలలు చెయ్యాలి. మూడు రోజులు చేసి "పని చెయ్యలే సార్" అని వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ గరుకు రాయిని ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు. తర్వాతి మెట్టు లిక్విడ్ నైట్రోజన్. సున్నా కంటే 196 డిగ్రీలు కిందికి చల్లబడ్డ ద్రవంతో గడ్డకట్టించడం అది. దాని తర్వాత కరెంటుతో కాల్చడం, లేజరు ఉన్నాయి.

ఇవన్నీ అయ్యాక కూడా పోనివి కొన్ని ఉంటాయి. గోరు చుట్టూ వచ్చేవి, అరికాలిలో లోపలికి దిగిపోయేవి, ఒకచోట కాలిస్తే నాలుగు చోట్ల లేచేవి. అరికాలిలో ఉన్నదాన్ని చాలామంది ఆనెకాయ అనుకుంటారు. తేడా చూడడం తేలిక. పై చర్మం కాస్త గీసి చూస్తే పులిపిరిలో నల్లని చుక్కలు కనబడతాయి. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. ఆనెకాయను పైనుంచి ఒత్తితే నొప్పి, పులిపిరిని రెండు పక్కల నుంచి పిండితే నొప్పి. పొలంలో దినమంతా నిలబడే మనిషికి, బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టే కండక్టరుకు ఈ అరికాలి పులిపిరి అడుగు అడుగునా రాయి గుచ్చినట్టు ఉంటుంది. ఇట్లాంటి మొండి పులిపిర్ల కోసమే సూది మందు. నేను అసలు మాట్లాడదలచుకున్నది దీని గురించే.

"వైరస్ అంటున్నరు గదా, వైరస్‌ను చంపే మందు అందులోకే ఎక్కిస్తే అయిపాయె గదా సార్" అని ఒక రైతు నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ ఆలోచన డాక్టర్లకు కూడా వచ్చింది. వైరస్ మందు అనగానే అందరికీ గుర్తొచ్చేది అసైక్లోవిర్. మనవైపు అక్కి లేస్తే జాజుతో సింహం బొమ్మ రాయించుకుంటారే, ఆ అక్కికి ఇచ్చే మందు ఇది. పెదవుల మీద వచ్చే పొక్కులకు, ఆటలమ్మకు కూడా ఇస్తాం. ఇది 1970లలో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో పుట్టింది. ఆ పనిలో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్. 1988లో ఆమెకు, ఆమెతో దశాబ్దాలు పనిచేసిన జార్జ్ హిచింగ్స్‌కు నోబెల్ ఇచ్చారు. ఇక్కడ ఒక పక్కమాట. ఆ హిచింగ్స్ హార్వర్డ్‌లో చదువుకున్నది ఫిస్కే ప్రయోగశాలలో. అదే ప్రయోగశాలలో అప్పుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేస్తున్నారు. సుబ్బారావు గారు వేరుచేసిన న్యూక్లియోటైడ్లు ఆనాడు వెలుగు చూడకపోవడంతో తర్వాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని హిచింగ్సే తర్వాత చెప్పాడు. భీమవరంలో పుట్టిన మనిషి గురించి ఒక నోబెల్ గ్రహీత అన్న మాట కనుక, సైన్సు టీచర్లు తరగతిలో చెప్పదగ్గదే.

ఇప్పుడు అసైక్లోవిర్ ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. అది దొంగ నాణెం లాంటిది. వైరస్ తన వంశపత్రం, అంటే డీఎన్‌ఏ, నకలు రాసుకునేటప్పుడు అసలు నాణెం అనుకొని దీన్ని తీసుకుంటుంది, అక్కడితో గొలుసు తెగిపోతుంది. అయితే ఈ నాణెం మీద మొదటి ముద్ర వేసేది అక్కి వైరస్ దగ్గరుండే ఒక ఎంజైమే. మన కణాలు ఆ ముద్ర వెయ్యవు. అందుకే వైరస్ చేరిన కణాల్లోనే మందు పనిచేస్తుంది, మంచి కణాల జోలికి పోదు. ఎంత అందమైన ఏర్పాటో చూడండి. పులిపిరి వైరస్‌తో వచ్చిన చిక్కు కూడా ఇక్కడే. అది చాలా చిన్న వైరస్. దాని దగ్గర ఆ ముద్ర వేసే ఎంజైము లేదు, నకలు రాసే యంత్రం కూడా లేదు. మన కణం యంత్రాన్నే అరువు తీసుకుంటుంది. అంటే పుస్తకం ప్రకారం అసైక్లోవిర్ పులిపిరి మీద పనిచెయ్యకూడదు.

కానీ ఇటీవలి సంవత్సరాల్లో ఈజిప్టు డాక్టర్లు, తర్వాత మరికొందరు అసైక్లోవిర్‌ను నేరుగా పులిపిరిలోకి ఎక్కించి చూశారు. చాలామందికి తగ్గిందని రాశారు. అవి చిన్న పరిశీలనలు, కొన్ని పదుల మంది మీద చేసినవి. తగ్గిన మాట అబద్ధం కాకపోవచ్చు. ఎందుకు తగ్గింది అన్నదే ప్రశ్న. నాకు తోచే కారణం ఒకటుంది. నరానికి ఎక్కించే అసైక్లోవిర్ ద్రావణం బాగా క్షారం, పీహెచ్ 11 దాకా ఉంటుంది. సెలైన్ ఎక్కించేటప్పుడు అది నరం దాటి బయటికి కారితే చుట్టూ కండ కాలుతుందని నర్సులందరికీ తెలుసు. సున్నపు తేట పీహెచ్ 12 పైచిలుకు. అంటే మన అమ్మమ్మలు పైన పూసిన సున్నం, ఈనాడు సూదిలో లోపలికి పోతున్న మందు, రెండూ చేస్తున్న పనిలో కొంత ఒకటే కావచ్చు. ఇది నా అనుమానమే. తేల్చాలంటే అంతే క్షారం ఉన్న ఉత్తి నీళ్ళను ఇంకొక గుంపుకు ఎక్కించి పోల్చాలి. మన మెదక్‌కు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అందులో చదివే పిల్లల్లో ఎవరైనా ఇట్లాంటి చిన్న ప్రశ్న పట్టుకుని నిజాయితీగా తేలిస్తే, అవయవ మార్పిడి చేసినంత పేరు రాదు గానీ, పనికొచ్చే పనే అవుతుంది.

పుస్తకం ప్రకారం పనిచెయ్యవలసిన వైరస్ మందు సిడోఫోవిర్. ప్రాగ్‌కు చెందిన ఆంటోనిన్ హోలీ, బెల్జియంలోని ఎరిక్ డి క్లర్క్ కలిసి తయారుచేసిన కుటుంబంలోది. దానికి ఆ మొదటి ముద్ర ముందే వేసి ఉంటుంది కనుక వైరస్ ఎంజైము అక్కరలేదు. 1996లో అమెరికాలో దీన్ని ఎయిడ్స్ రోగుల కంటి జబ్బుకు అనుమతించారు. దేనికీ లొంగని పులిపిర్లలోకి, పిల్లల గొంతులో పెరిగే ఇట్లాంటి కాయల్లోకి కూడా దీన్ని ఎక్కించారు, కొందరికి బాగా పనిచేసింది. కానీ నరానికిచ్చినప్పుడు కిడ్నీలను దెబ్బతీసే మందు ఇది. చాలా ఖరీదు కూడా. కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషికి చేతులనిండా పులిపిర్లు లేచి బతుకే కష్టమైతే, పెద్దాసుపత్రిలో, నలుగురు డాక్టర్లు ఆలోచించి వాడవలసిన మందు. బొటనవేలు మీద ఒక్క పులిపిరికి కాదు.

ఇంకొకటి ఇంటర్‌ఫెరాన్. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుక్కున్నారు. వైరస్ వచ్చిందని కణం పక్క కణాలకు వేసే దండోరా అది. 1980ల చివర్లో అమెరికాలో జననాంగాల పులిపిర్లలోకి ఎక్కించడానికి దీనికి అనుమతి వచ్చింది. వారానికి మూడుసార్లు సూది, ప్రతి సూదికీ జ్వరం, ఒళ్ళునొప్పులు. ఇప్పుడు దీన్ని పులిపిర్లకు పెద్దగా వాడడం లేదు. ఎందుకు చెబుతున్నానంటే, మనకు కూతవేటు దూరంలోని మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్ళు హెపటైటిస్-బి టీకా తర్వాత ఇంటర్‌ఫెరాన్‌ను కూడా తయారుచేశారు. వరప్రసాద్ రెడ్డి గారు 1993లో పెట్టిన కంపెనీ అది, 1997లో టీకా తెచ్చింది. విదేశాల నుంచి వచ్చే మందు ఇక్కడే తయారైతే ధర ఎట్లా దిగుతుందో మన ప్రాంతం వాళ్ళు కళ్ళారా చూశారు.

బ్లియోమైసిన్ అని ఇంకో సూది ఉంది. ఇది వైరస్ మందు కాదు, క్యాన్సర్ మందు. మొండి పులిపిరికి నిజంగా పనిచేస్తుంది. కానీ నొప్పి ఘోరం, గోరు పక్కన చేస్తే గోరు వంకరపోవచ్చు, వేలికి రక్తం సరిగా అందనివాళ్ళకు వేలు నల్లబడే ప్రమాదం కూడా ఉంది. గర్భిణులకు అసలే వద్దు.

ఇప్పుడు మన దేశంలో చర్మం డాక్టర్లు ఎక్కువగా చేస్తున్నది వేరు. వైరస్‌ను చంపడం కాదు, కాపలావాణ్ణి లేపడం. చిన్నప్పుడు తట్టు, గవదబిళ్ళలకు వేసే ఎంఎంఆర్ టీకా మందును కొంచెం తీసి అన్నింటికంటే పెద్ద పులిపిరిలోకి ఎక్కిస్తారు. శరీరానికి ఆ టీకా పాత పరిచయం. "వీడు నాకు తెలుసు" అని రోగనిరోధక కణాలన్నీ అక్కడికి ఉరుకుతాయి. వచ్చాక పక్కనే నక్కి ఉన్న పులిపిరి వైరస్ కూడా కంట పడుతుంది. ఒకసారి పోలిక పట్టాక, చేతి మీద సూది వేస్తే కాలి మీద ఉన్నవి కూడా రాలిపోతాయి. సూది వెయ్యని కాయ రాలడం మొదటిసారి చూసినప్పుడు నేను కూడా ఆశ్చర్యపోయాను. క్షయ పరీక్షకు వాడే పీపీడీ, బీసీజీ, విటమిన్ డి సూది, ఇవన్నీ ఈ దారిలోవే. బెంగళూరు డాక్టర్లు 2009లో ఇంకా తమాషా పద్ధతి ప్రచురించారు. రోగి పులిపిరిలోంచే చిన్న ముక్క తీసి, అదే మనిషి ముంజేతి చర్మం కింద పాతిపెట్టడం. దొంగను పట్టుకొచ్చి ఠాణాలో కూర్చోబెట్టినట్టు. మందు ఖర్చే లేదు.

వీటిలో ఒకటి మన దేశంలోనే పుట్టింది. ఢిల్లీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో జి.పి. తల్వార్ గారు కుష్ఠు రోగుల కోసం తయారుచేసిన 'ఎండబ్ల్యు' టీకా. డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి ఉంది కదా, ఇజబెల్ కెర్ అనే డాక్టరమ్మ నడిపింది. అక్కడ వందేళ్ళ కిందట చాల్‌మూగ్రా నూనె సూదులిచ్చేవారు. ఆ రోజుల్లో ఆ నూనెను మచ్చ ఉన్న చర్మంలోకే నేరుగా ఎక్కించే పద్ధతి కూడా ఉండేది. జబ్బు ఉన్నచోటే సూది వెయ్యడం మనకు కొత్త సంగతేమీ కాదు.

ఇన్ని ఉన్నాయంటే అర్థం, తిరుగులేనిది ఒక్కటీ లేదని. సూదిలో ఉత్తి సెలైన్ ఎక్కించిన గుంపులో కూడా కొందరికి తగ్గిపోతుంది. మందేమీ లేకుండా సూదితో పులిపిరిని పదే పదే గుచ్చడం కూడా ఒక చికిత్సగా ఉంది. అందుకే "గ్యారంటీ" అనే డాక్టరును నేను నమ్మను. నా మట్టుకు నేను మొండి కాయలకు మొదట విటమిన్ డి గానీ ఎంఎంఆర్ గానీ ఎంచుకుంటాను. విటమిన్ డి మందు ధర ఒక బిర్యానీ పొట్లం కంటే తక్కువ. ఎంఎంఆర్ బతికున్న టీకా కనుక గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకు వెయ్యను. అసైక్లోవిర్ సూది నా జాబితాలో కిందనే ఉంది. పెద్ద పరిశీలనలు వస్తే పైకి వస్తుంది.

సూది వేసే గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే భయపడేది దానికే. తిని రండి. ఖాళీ కడుపుతో వచ్చి ఇంత మీసాలున్న మనిషి కూడా కళ్ళు తిరిగి పడిపోతాడు. మొదట పై మొద్దు చర్మాన్ని బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తాం. దానికి నొప్పి ఉండదు. తర్వాత మత్తు సూది. అసలు మందు ఇన్సులిన్ సూదితో కాయ అడుగుకు పోవాలి, కాయ తెల్లబడేదాకా. అరికాలిలో, వేలి కొసలో మత్తు ఇచ్చినా మంట తెలుస్తుంది. దాచను. ఆ రాత్రి వాపు, సలుపు ఉంటాయి, పారాసిటమాల్ వేసుకోవచ్చు. రెండు మూడు వారాలకోసారి, మూడు నుంచి ఐదు సార్లు రావాలి. కాయ నల్లబడి, ఎండి, ఊడుతుంది. చర్మం మీద గీతలు మళ్ళీ వరసగా కనబడితే పోయినట్టు. అరికాలికి సూది వేసుకునే రైతులను నాట్లు అయిపోయినంక రమ్మంటాను. సూది గాయంతో బురదలో దిగడం మంచిది కాదు.

ఇక్కడ ముందు వరుసలోని సార్లకు, టీచరమ్మలకు ఒక మాట. ఈ సూదులు దాదాపు ఏవీ పులిపిరి కోసమని డబ్బా మీద రాసి అమ్మేవి కావు. టీకాను, విటమిన్‌ను, క్యాన్సర్ మందును మేం వేరే పనికి వాడుతున్నాం. అది తప్పు కాదు, లోకమంతటా ఉన్నదే. కానీ రోగికి ఆ సంగతి చెప్పి, అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకుంటేనే వెయ్యాలి. పిల్లలైతే అమ్మానాన్నలు ఒప్పుకోవాలి. బడి ఒప్పుకుంటే సరిపోదు. ఇది ఎందుకు గట్టిగా అంటున్నానో చెబుతాను.

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇదే హెచ్‌పీవీ మీద, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకాను 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు వేశారు. సుమారు 14 వేల మంది. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు అందులో చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. నీళ్ళలో పడడం, పాముకాటు వంటి కారణాలు బయటపడ్డాయి. కానీ ఇంకొకటి తేలింది. అంగీకార పత్రాల మీద ఎన్నో చోట్ల తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పిల్లల తరఫున సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నా దృష్టిలో ఆ సంతకాల వల్ల జరిగిన నష్టం ఆ ఏడాదితో పోలేదు. మంచి టీకా మీద మన పల్లెల్లో అనుమానం నాటుకుపోయింది. ఇప్పుడు మన దేశంలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సెర్వావ్యాక్ వచ్చింది. 2022లో అనుమతి, 2023 జనవరిలో విడుదల. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ డాక్టరును అడగవలసిన టీకా. కానీ అడిగితే చాలామంది తల్లుల మొదటి మాట, "ఖమ్మంల పోరగాండ్లకు ఏదో అయిందట గద సార్?" ఆ తల్లికి 15 ఏళ్ళ కిందట ఎవరైనా ఎదురుగా కూర్చుని పది నిమిషాలు చెప్పి ఉంటే ఈ ప్రశ్న ఉండేది కాదు.

కాబట్టి మన బడిలో రేపు ఏ సూది శిబిరం పెట్టినా, పత్రం ఇంటికి పంపించండి. చదువురాని తల్లికి చదివి వినిపించండి. ఆమె వద్దంటే ఆ పిల్లను వరసలోంచి పక్కన నిలబెట్టి చిన్నబుచ్చకండి.

తరగతిలో ఏ పిల్లవాడి చేతికైనా పులిపిర్లుంటే బెంచీ మార్చకండి, కబడ్డీలోంచి తీసెయ్యకండి. తువ్వాలు, గోళ్ళ కత్తెర ఇంకొకరితో పంచుకోవద్దని, గిల్లుకోవద్దని, గోళ్ళు కొరకొద్దని చెబితే చాలు. మనలో మగవాళ్ళకు కూడా ఒకటి. గడ్డం మీద ఒక్క పులిపిరి ఉన్నా కత్తితో గీస్తే, గీసిన గీత వెంబడి పదిహేను లేస్తాయి. మంగలి షాపులో కొత్త బ్లేడు అడగండి, లేదా అవి పోయేదాకా గడ్డం ట్రిమ్మరుతో సరిపెట్టుకోండి. చిన్నపిల్లల జననాంగాల దగ్గర ఇట్లాంటివి కనబడితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తల్లి నుంచి కూడా రావచ్చు, కానీ ఆ పిల్లను ఎవరైనా బాధపెడుతున్నారేమో కూడా నెమ్మదిగా కనుక్కోవలసి ఉంటుంది.

ఆర్‌ఎంపీ దగ్గర పులిపిరిలోకి సూది వేయించుకోవద్దు. అందులో ఏ మందు ఉందో మీకు తెలియదు, సూది కొత్తదో కాదో తెలియదు. స్టెరాయిడ్ ఎక్కిస్తే కాపలావాడు ఇంకా నిద్రపోతాడు, పులిపిర్లు పొలంలో గడ్డిలా పెరుగుతాయి. యాభై ఏళ్ళు దాటాక కొత్తగా లేచి, రక్తం కారుతూ, పెరుగుతున్న కాయను పులిపిరి అనుకోకండి. దానికి ముందు ముక్క తీసి పరీక్ష చెయ్యాలి, సూది కాదు. పెద్దవాళ్ళకు ఉన్నట్టుండి పదుల సంఖ్యలో లేచి దేనికీ లొంగకపోతే హెచ్‌ఐవీ, షుగరు పరీక్షలు చేయించమంటాం. తిట్టినట్టు అనుకోకండి.

ప్రసంగం అయ్యాక రెండు ప్రశ్నలు వచ్చాయి, వాటిని కూడా ఇక్కడ చేర్చమని సంపాదకులు అడిగారు.

మాకు లెక్కలు చెప్పిన సారు, ఇప్పుడు ఎనభై దాటారు, లేచి అడిగారు: "ఏమయ్యా, నా మెడ మీద నల్లగా, అంటించినట్టు ఇన్ని ఉన్నాయి. ఇవన్నీ వైరస్సేనా? వీటికీ సూదేనా?" స్టేజి దిగి దగ్గరికి వెళ్ళి చూశాను. అవి పులిపిర్లు కావు సార్, వయసుతో వచ్చే సెబోరిక్ కెరటోసిస్ అనే మచ్చలు, ఎవరికీ అంటవు, మందు అక్కరలేదు, అంగీ కాలరుకు తగిలి ఇబ్బంది పెడితే తీసేద్దాం అని చెప్పాను.

1996 బ్యాచి చెల్లెలు ఒకామె, బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చిన మనిషి, చూపుడు వేలు చూపించింది. గోరు పక్కన మూడు కాయలు. ఆకు కత్తిరించేటప్పుడు, దారం బిగించేటప్పుడు రక్తం వస్తోందట. రెండుసార్లు కాల్పించుకుందట. "సూదేస్తే ఎన్ని దినాలు పని బందు పెట్టాలె అన్నా?" అని అడిగింది. సూది వేసిన వేలితో రెండు రోజులు చుట్టలేవమ్మా, మూడో రోజు నుంచి పట్టీ వేసుకుని చుట్టుకోవచ్చు, అట్లా మూడు నాలుగు సార్లు అవుతుంది అన్నాను. వెయ్యి బీడీల లెక్కన ఎంత పోతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "సోమవారం వస్త" అంది.